కొన దగ్గరే పెరిగేది

అక్క కంటికి కొబ్బరి ఈనె తగిలిన మర్నాడు పొద్దున నేను బెంగళూరు రైలు అందుకునే హడావిడిలో ఉన్నాను. భుజాన సంచి, చంకలో సర్టిఫికెట్ల ఫైలు, నోట్లో సగం ఇడ్లీ. మెట్లు దిగుతుంటే ఆమె కింద గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని, కుడికన్ను చీరచెంగుతో ఒత్తుకుంటోంది.

“పాపా, ఒక్క నిమిషం ఈ కన్ను చూడు. నిన్న మేడ మీద మట్ట చీలస్తా ఉంటే ఈనె వచ్చి టప్పున కొట్టినాది. పొద్దున్నించి ఒకటే నీళ్ళు.”

నేను చూశాననే అనుకున్నాను. “ఏం కాదక్కా, మంచినీళ్ళతో కడుక్కోండి. సాయంత్రానికి తగ్గిపోతుంది. నాకు రైలు టైమయిపోతోంది” అంటూనే గేటు దాటాను.

అక్క అంటే నేను మేడ గదిలో అద్దెకుండే ఇంటి యజమానురాలు. పెరంబూరులో రైల్వే వర్క్‌షాపు వెనక సందులో ఆమె ఇల్లు. భర్త ఆ వర్క్‌షాపులోనే ఫిట్టరుగా పనిచేసి పోయాడు. పిల్లల్లేరు. పుట్టిల్లు చింతాద్రిపేట. ఏ తరంలో ఎక్కణ్ణుంచి వచ్చారో వాళ్ళకే గుర్తులేనంత పాత తెలుగు కుటుంబం. యాభై ఎనిమిదేళ్ళ వయసులో కూడా ఆమె కుట్టిన బ్లౌజుకి భుజం జారదని ఆ చుట్టుపక్కల పేరు. వీధిలో తమిళులూ తెలుగువాళ్ళూ అందరూ ‘అక్కా’ అనేవారు. ఒంగోలు నుంచి వచ్చిన నేనూ ఆ పిలుపే పట్టుకున్నాను. ఆమె మాత్రం నన్ను ‘పాపా’ అనో, ఇక్కడి తెలుగులో ‘మే’ అనో పిలిచేది.

నేనేమో ఒక కంటి ఆసుపత్రిలో, సూక్ష్మజీవుల పరీక్షలు చేసే ల్యాబులో టెక్నీషియన్ని. ఆ సంగతి ఇక్కడ గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే నా తప్పంతా అందులోనే ఉంది. కంట్లో పుండుతో వచ్చే ప్రతి మనిషినీ మేం అడిగే మొదటి ప్రశ్న: “ఆకు, పుల్ల, ఈనె లాంటిదేమైనా తగిలిందా?” తగిలిందంటే ముందు బూజు కోసం వెతుకుతాం. పచ్చిమట్ట మీదా, ఎండిన ఆకు మీదా ఉండే బూజు బీజాలు ఆ గీత గుండానే లోపలికి పోతాయి. రోజూ వల్లించే పాఠం అది. ఆ పొద్దున అదే మాట ఆమె నోటితో ఆమే చెప్పింది. నేను వినలేదు.

నాకు ఒకచోట కుదురుగా ఉండటం చిన్నప్పటినుంచీ చేతకాదు. సినిమాకి వెళ్తే మధ్యలో రెండుసార్లు లేస్తాను. ఒకే గదిలో మూడేళ్ళుండటం అక్క ఇంట్లోనే మొదలు. ఆ మూడేళ్ళలో కూడా మంచం దిక్కు ఎన్నిసార్లు మార్చానో లెక్కలేదు. మైక్రోస్కోపులు అమ్మే బెంగళూరు కంపెనీ ఒకటి, వాటిని ఆసుపత్రుల్లో బిగించి, నేర్పించి వచ్చే మనిషి కావాలని ప్రకటన ఇచ్చింది. నెలలో ఇరవై రోజులు ఊళ్ళు తిరగాలి. ఆ వాక్యం చదివినప్పుడు నా అరికాళ్ళు నిజంగానే దురదపెట్టాయి. ఇంటర్వ్యూ చేసుకుని, స్నేహితురాలింట్లో రెండు రోజులుండి, మంగళవారం మధ్యాహ్నానికి తిరిగొచ్చాను.

మిషను మీద గుడ్డ కప్పి ఉంది. అక్క చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తలుపు తీసి వెలుతురు లోపలికి రాగానే, “మూసెయ్ మే, మూసెయ్” అని అరిచింది.

దగ్గరికెళ్ళి రెప్ప పైకెత్తాను. తెల్లగుడ్డంతా ఎరుపు. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండాల్సిన పొర మీద, పెసరగింజంత మేర తెల్లటి మచ్చ. మచ్చ అంచు నున్నగా లేదు. ఈకలా చీలికలు చీలికలుగా ఉంది. బూజు పట్టిన పుండుకి అంచు అలాగే ఉంటుంది.

“ఏం మందు వేశారు?”

“నువ్వు చెప్పినట్టు కడిగినా. తగ్గలా. ఆడ మందులషాపులో కన్ను చూపిస్తే ఈ చుక్కలిచ్చినాడు. వేస్తే ఎరుపు పోయినాది, సుఖంగా ఉండె. మళ్ళా నిన్నటినించి మంట.”

సీసా చూశాను. స్టెరాయిడ్ చుక్కలు. ఎరుపును అణిచేస్తాయి. లోపల ఉన్నది బూజైతే, శరీరం దానిమీద చేస్తున్న యుద్ధాన్ని కూడా అణిచేస్తాయి. మూడు రోజులు ఆ కంటిలో ఉన్నదానికి ఎదురు లేకుండా పోయింది.

ఆటోలో తీసుకెళ్ళాను. దారి పొడవునా ఆమె నా భుజానికి ముఖం ఆనించి, వెలుతురు పడకుండా నా చున్నీ కప్పుకుంది. నేను డ్రైవరు సీటు వెనక కడ్డీని పట్టుకుని, సిగ్నల్ పడినప్పుడల్లా వదిలి మళ్ళీ పట్టుకుంటూ కూర్చున్నాను.

కార్నియా డాక్టరు నాకు తెలిసినావిడే. మాటలు తక్కువ. కంటికి మత్తుచుక్కలు వేసి, సన్నటి బ్లేడుతో పుండు అంచు గీకి ఆ గీకినదాన్ని గాజుపలక మీద రాసింది. పలక నా చేతికిస్తూ, “నువ్వే చూస్తావా, వేరేవాళ్ళనివ్వనా?” అని తమిళంలో అడిగింది.

“నేనే చూస్తాను.”

పొటాషియం హైడ్రాక్సైడ్ ఒక చుక్క వేస్తే మన కణాలన్నీ కరిగి పలచబడతాయి, బూజు గోడ మాత్రం కరగదు. కాసేపు ఆగాలి. ఆ కాసేపట్లో నేను ల్యాబంతా మూడుసార్లు తిరిగాను. తరవాత కటకం కింద పెట్టాను. మసక, మసక, మసక. పలకను కొద్దిగా జరిపాను. అవి కనిపించాయి. సన్నటి గొట్టాలు, రెండు గోడలూ స్పష్టంగా, మధ్యమధ్య అడ్డుగోడలతో, ఒకచోట వై అక్షరంలా చీలి. అలాంటివి నేను వందలసార్లు చూశాను. చూసి, ఫారం మీద ఒక టిక్కు పెట్టి, తరవాతి పలక అందుకున్నాను. ఆ రోజు టిక్కు పెట్టలేక కలం పట్టుకుని కూర్చున్నాను. పక్కబల్ల దగ్గర్నుంచి మా సీనియరు వచ్చి ఒకసారి చూసి, తనే టిక్కు పెట్టి సంతకం చేశాడు.

అక్కని వార్డులో చేర్చుకున్నారు. మందు పాలలా తెల్లటి చుక్కలు. సీసా బాగా కుదిపి గంటగంటకీ వెయ్యాలి. ఆ మందు లోతుకి సులువుగా దిగదు. అందుకే విడవకుండా వేస్తూ ఉండాలి. చింతాద్రిపేట నుంచి తమ్ముడి భార్య పొద్దున వచ్చి మధ్యాహ్నం వెళ్ళిపోయేది, ఇంట్లో పిల్లల బడి ఉంది కాబట్టి. మిగతా పగలంతా నేనే. ల్యాబు కింది అంతస్తులో, వార్డు మూడో అంతస్తులో. గంటకోసారి మెట్లెక్కి, చుక్క వేసి, మెట్లు దిగేదాన్ని. లిఫ్టు కోసం ఆగడం నావల్ల కాలేదు. రాత్రులు వార్డు నర్సులు చూసుకునేవారు.

మూడో రోజుకి అక్క కంటినుంచి తీసినది, బూజు పెంచే అగారు జెల్లీ పళ్ళెంలో మొలిచింది. తెల్లటి దూదిలా. పరీక్షకి అవసరమైనదంతా అయిపోయాక, బీజాలు గాలిలోకి పోనివ్వని రక్షణపెట్టెలో చేతులు పెట్టి దానిలోంచి చిన్న ముక్క తీసి పలుచని అగారు పొర మీద పెట్టి, గాజు కప్పి, అంచులు మూసేశాను. ఎవరూ చేయమనలేదు. చచ్చిన బూజు పోగుల్నే చూశాను ఇన్నేళ్ళూ. బతికున్నది ఎలా ముందుకు పోతుందో చూడాలనిపించింది. అసలు సంగతి, మెట్లెక్కని నిమిషాల్లో ఏం చెయ్యాలో తోచక.

వెంట్రుక కుదురు దగ్గర పెరుగుతుంది. కొన పాతది, అది కేవలం బయటికి నెట్టబడుతుంది. బూజు పోగు దీనికి తలకిందులు. వెనకదంతా గట్టిపడిపోయిన గోడ, అక్కడ ఏ కదలికా ఉండదు. పెరిగేది కొన ఒక్కటే. పుస్తకంలో ఇది చదివి పరీక్ష రాసినదాన్నే. కానీ కంటికటకంలోని కొలత గీతల పక్కన ఒక కొనను నిలబెట్టి చూస్తే వేరేగా ఉంటుంది. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. తల తిప్పి గడియారం చూసి మళ్ళీ చూస్తే అది గీత దాటి ఉంటుంది.

లోపల చుక్కలు చుక్కలుగా ఏవో కొట్టుకుపోతుంటాయి. అవి పొరతో చేసిన చిన్న చిన్న సంచులు. వాటిలో గోడ కట్టే సరుకూ, దాన్ని అల్లే ఎంజైములూ ఉంటాయి. కణం లోపల పట్టాల్లాంటి సన్నటి దారాలున్నాయి, వాటి మీదుగా ఆ సంచులు కొన దాకా వస్తాయి. కొనకి కాస్త వెనక అన్నీ గుమిగూడి ఒక ముదురు చుక్కలా కనిపిస్తాయి. అక్కణ్ణుంచి ఒక్కొక్కటీ వెళ్ళి కొన పొరలో కలిసిపోతుంది. సంచి పొర కణం పొరలో చేరుతుంది, సంచిలోది బయటపడి కొత్త గోడవుతుంది. కొత్తగోడ మెత్తన. లోపలి నీటి ఒత్తిడి దాన్ని ముందుకు ఉబ్బిస్తుంది. ఉబ్బినది వెనకబడగానే గట్టిపడుతుంది. ఆ సరికి ముందు ఇంకో మెత్తని కొన తయారు.

ఆ ముదురు చుక్క కొంచెం పక్కకి జరిగితే పోగు అటు వంగుతుంది. పక్కగోడలో ఎక్కడో ఇంకో చుక్క పోగయితే అక్కడ బుడిపె లేచి కొత్త కొమ్మ మొదలవుతుంది. ఒకచోట ఆగుదామనే ఆలోచనే దానికి లేదు. నాకు చూస్తుంటే కాళ్ళు ఆడేవి. ఇదే పని ఇప్పుడు, ఈ నిమిషంలో, మూడో అంతస్తులో అక్క కంట్లో జరుగుతోంది. అక్కడ అగారు లేదు, ఆమె కంటి పొరే దానికి తిండి. కొన దగ్గర వదిలే ఎంజైములు ఎదురున్నదాన్ని కరిగిస్తాయి, ఒత్తిడి ముందుకి నెడుతుంది.

ఒకసారి గాజుని గట్టిగా నొక్కినట్టున్నాను, ఒక పోగు తెగింది. లోపలిది భళ్ళున బయటికి చిమ్మింది. పీడ వదిలిందనుకున్నాను. అంతలోనే ఆగిపోయింది. పోగు పొడవునా ఉన్న అడ్డుగోడల మధ్యలో రంధ్రాలుంటాయి. మామూలుగా వాటి గుండా లోపలి ద్రవం, కేంద్రకాలు కూడా అటూ ఇటూ పోతుంటాయి. ఎక్కడైనా తెగితే, రంధ్రం పక్కనే కాచుకుని ఉండే ఒక గట్టి రేణువు వచ్చి బిరడాలా ఇరుక్కుంటుంది. ఒక గది పోతుంది, మిగతాది బతుకుతుంది. ఆ మధ్యాహ్నం తెగిన చోటికి వెనకనుంచే కొత్త కొన పుట్టడం చూశాను. చూసి లేచి, టైము కాకపోయినా మెట్లెక్కి పైకి పరిగెత్తాను.

“ఇప్పుడే కదా వేసినావు?” అంది అక్క.

“ఊరికే వచ్చానక్కా.”

“సుమ్మా సుమ్మా మెట్లెక్కబాక. కాళ్ళు పోతాయి.”

ఆరో రోజు బెంగళూరు నుంచి ఈమెయిలు వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. పదిరోజుల్లో చేరాలి. ఫోనులో అది చదివి జేబులో పెట్టుకున్నాను, మళ్ళీ తీసి చదివాను. అదే రోజు సాయంత్రం డాక్టరు అక్క కన్ను చూసి చాలాసేపు దీపం పక్కకి తియ్యలేదు. నల్లగుడ్డు వెనక, అడుగున, పలుచగా చీము పేరుకుంది. పుండు లోతుకి దిగుతోందని దానికి అర్థం. బయటికొచ్చి నాతో, “రెండో మందు కలుపుతున్నాను. ఇంకా దిగితే ఆ పొర మొత్తం తీసి, దానం వచ్చిన కార్నియా కుట్టాలి. అది కూడా నిలుస్తుందని చెప్పలేను. పుండు వచ్చిన మొదటి రోజే వచ్చి ఉంటే…” అని ఆగిపోయింది.

వార్డులోకి వెళ్ళి మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాను. మందు సీసా కుదుపుతూ చెప్పేశాను.

“అక్కా, ఆ రోజు మీరు ఈనె అని చెప్పారు. నేను ఈ పనే చేస్తాను. ఈనె అనగానే ఆసుపత్రికి తీసుకురావాలని నాకు తెలుసు. రైలు పోతుందని మాట దాటేశాను.”

రెండో కన్నుతో పైకప్పు చూస్తూ పడుకుంది.

“తెలుసు మే,” అంది చివరికి. “నువ్వు ఆ పొద్దు నా కన్ను చూడలా. నా పక్కకి తిరిగినావు, అంతే. తెలిసినదానివి కదా, ఏం లేదంటే ఏం లేదనుకున్నా. అందుకే షాపుకి పోయినా. లేకుంటే డాక్టరు దగ్గరికే పోయుందును.”

“క్షమించండక్కా.”

“మందు వెయ్యి. టైమయినాది.”

వేశాను. ఆ తరవాత రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. గంటగంటకీ వెళ్ళేదాన్ని. అడుగుల చప్పుడు వినగానే ముఖం పైకెత్తి, తనే వేలితో కింది రెప్ప లాగి పట్టుకునేది. చుక్క పడగానే కన్ను మూసుకుని గోడవైపు తిరిగేది. పక్క మంచం మనిషితో తమిళంలో ధారాళంగా మాట్లాడేది. మరదలితో తెలుగులో. నేను వస్తే నిశ్శబ్దం. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. మెట్లు మాత్రం మానలేదు. చెప్పాలంటే నాకూ కోపం వచ్చింది, ఆమె మీదే. ఒప్పుకున్న తప్పుకి ఇంత సేవ చేస్తున్నాను కదా అని. కింద ల్యాబుకొచ్చి, ఆ కోపానికి సిగ్గుపడి, మళ్ళీ గడియారం చూసుకునేదాన్ని.

ఆ రెండో రోజే ఒక పని చేశాను. బతికున్న పోగుల పలక అంచు కొద్దిగా తెరిచి, ఒకవైపు ఆమె కంట్లో వేస్తున్న మందే పలుచన చేసి ఒక చుక్క పెట్టి, రెండో వైపు అద్దుడుకాగితం ఆనించాను. కాగితం పీలుస్తుంటే మందు గాజు కిందికి జారింది. ఒక కొన మీద చూపు పెట్టి కూర్చున్నాను. ఆ మందు బూజు పొరలో ఉండే ఒక కొవ్వుపదార్థానికి అతుక్కుంటుంది, మన కణాల్లో ఆ పదార్థం లేదు. అతుక్కుంటే ఏమవుతుందో పుస్తకంలో ఉంది. నాకు కావలసింది పుస్తకం కాదు. చాలాసేపు కొన పోతూనే ఉంది. తరవాత నెమ్మదించింది. ముదురు చుక్క చెదిరినట్టయింది, కనబడకుండా పోయింది. కొన గీత దగ్గర నిలబడిపోయింది. నేను లేవలేదు. ల్యాబులో ఎవరో పిలిచారు, పలకలేదు. నా జీవితంలో అంతసేపు కదలకుండా కూర్చున్నది అదేనేమో. అది ఇంక కదల్లేదు.

గాజు మీద ఆగింది కాబట్టి కంట్లో ఆగుతుందని లేదు. ఆ తేడా తెలియనిదాన్ని కాదు. అయినా పైకి వెళ్ళి, మాట్లాడని మనిషికే చెప్పాను. “అక్కా, మీ కంట్లోదానికి ఈ మందంటే పడదు. నేను చూశాను. ఆగిపోయింది.”

ఆమె ముఖం నావైపు తిప్పింది. “నిజంగా చూసినావా? ఈసారన్నా?”

“నిజంగా.”

“సరి” అంది. అంతే. కానీ గోడవైపు తిరగలేదు.

చీము గీత మరో నాలుగు రోజులు అలాగే ఉంది. పెరగలేదు, తగ్గలేదు. బెంగళూరు వాళ్ళిచ్చిన గడువు తరుగుతోంది. ఇంకో నెల టైమడిగాను. ఆ తేదీ దాటితే వేరే మనిషిని తీసుకుంటామని మర్యాదగానే చెప్పారు. అక్క ఆసుపత్రిలో చేరిన పదో రోజు పొద్దున వార్డు మెట్ల మీద నిలబడి, రాలేనని రాసి పంపాను. త్యాగం చేశానన్న తృప్తేమీ కలగలేదు. ఆ రోజంతా అందరిమీదా విసుక్కున్నాను. పలకలకి రంగు పట్టించే స్టెయిన్ సీసా ఒకటి చెయ్యి తగిలి పగిలింది. సీనియరు చీపురు తెచ్చి, “నువ్వు కాసేపు నడిచిరా, గాజు నేను తీస్తాలే” అన్నాడు.

ఆ వారం చివరికి చీము గీత సన్నబడింది. డాక్టరు దీపం వెలుగులో చూసి, మొదటిసారి “బావుంది” అంది. పుండు అంచులోని ఈకలు మొద్దుబారి గుండ్రమవుతున్నాయట. మందు గంటన్నరకి, తరవాత రెండు గంటలకి మారింది. అక్కని ఇంటికి పంపించారు. ఇంకో నెలపైనే చుక్కలు వేశాం. నేను డ్యూటీలో ఉన్నప్పుడు మిషను పక్కన అలారం పెట్టుకుని తనే అద్దం లేకుండా వేసుకోవడం నేర్చుకుంది.

ఒకసారి కన్ను చూపించుకోడానికి ఆసుపత్రికి వచ్చినప్పుడు, డాక్టరు గది బయట కూర్చోకుండా నేరుగా ల్యాబు తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. నల్లకళ్ళద్దాలు, చేతిలో మల్లెపూల పొట్లం.

“నా కంట్లో కాపురం పెట్టినదాన్ని నాకు చూపియ్యవా?”

లోపలికి రానివ్వకూడదు. సీనియరువైపు చూశాను. ఆయన కిటికీ పక్కనున్న, విద్యార్థులకి చూపించే మైక్రోస్కోపు వైపు గడ్డం ఊపి, తను బయటికి వెళ్ళాడు. ఆమె కంటిలోంచి తీసి పెంచుతున్న బూజుతోనే, అంచులు మూసిన తాజా పలక ఒకటి పెట్టాను. ఆమె కళ్ళద్దాలు తీసి, ఎడమకన్ను కటకానికి ఆనించింది. సూదిలో దారం ఎక్కించే మనిషి, చూపు నిలపడం ఆమెకి నేర్పక్కర్లేదు.

“దారాలు” అంది. “ఎంత సన్నం! మా నాయన మగ్గం మీద కూడా ఇంత సన్నం చూడలా.” కాసేపు చూసి, “కదలతా ఉండాది మే.”

“ఆ చివర చూడండి. అక్కడే పెరుగుతుంది. వెనకదంతా అలాగే ఉంటుంది.”

“ఆమా. చివరే పోతా ఉండాది.” ఇంకా వంగింది. “అదిగో, ఇప్పుడు ఈ పక్కకి తిరిగినాది. ఎందుకు తిరిగినాది?”

లోపలి చుక్క జరిగింది కాబట్టి అని చెప్పాను.

“అది ఎందుకు జరిగినాది?”

ఏవో చెప్పాను. తిండి ఉన్నచోటికి, అడ్డు లేనిచోటికి. చెబుతుంటేనే అది జవాబు కాదని నాకు తెలిసిపోతోంది.

“అంటే నీకు తెలీదు” అంది అక్క, కటకం మీదనుంచి తల ఎత్తకుండానే. ఎత్తిపొడుపు లేదు. “ఎవరికన్నా తెలుసునా?”

“కొంత తెలుసు. మొత్తం తెలియదు.”

“కన్ను పోగొట్టేంత పని చేసినాది. ఆడికి పోవాల, ఈడికి పోవాలని దానికి ఎవరు చెప్పినారో తెలుసుకోవద్దా? నువ్వు ఊరూరా పోయి ఈ డబ్బాలు బిగిస్తానంటివి. ఈ ఒక్కదానిలో ఉండేదే ఇంత ఉండాది.”

ఆ చిన్ని గాజు కింద గాలి అయిపోయి పోగులు నెమ్మదించేదాకా ఆమె చూసింది. తరవాత పూలపొట్లం విప్పి నా తలలో మూర పెట్టి, డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

కన్ను నిలిచింది, చూపు పూర్తిగా రాలేదు. నల్లగుడ్డు మీద బూడిదరంగు మచ్చ మిగిలింది. ఆ కంటితో మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. కార్నియా మార్పిడికి పేరు రాయించుకోమని డాక్టరు రెండుసార్లు చెప్పింది. అక్క ఆలోచిస్తానంటోంది, ఇంకా ఆలోచిస్తూనే ఉంది. నల్ల బట్ట మీద నల్ల దారంతో కుట్టే పని మానేసింది. మిగతావి కుడుతుంది. మొదట్లో రెండు బ్లౌజులు చెడిపోయాయి. వాటి మనుషులకి కొత్త బట్ట కొనిచ్చింది, కారణం మాత్రం చెప్పలేదు. మందులషాపుకి వెళ్ళి ఆ చుక్కలిచ్చిన మనిషికి తన కన్ను తెరిచి చూపించి వచ్చిందని వీధిలో చెప్పుకున్నారు. నన్ను ఎప్పుడూ అలా ఎవరి ముందూ నిలబెట్టలేదు. అప్పుడప్పుడూ పిలిచి సూదిలో దారం ఎక్కించమంటుంది. అప్పుడు ఆ కన్ను నాకు దగ్గరగా వస్తుంది. అది శిక్షో కాదో నేను అడగలేదు.

ఆ మరుసటేడు నేను ఆసుపత్రి మానేసి, ఇదే ఊళ్ళో ఒక పరిశోధనాలయంలో పీహెచ్‌డీకి చేరాను. పోగు కొనలో ఆ సంచులు ఎలా గుమిగూడతాయి, ఆ గుంపు ఎందుకు పక్కకి జరుగుతుంది, అదే నా పని. మంచి కెమెరాలున్నాయి, రంగులతో మెరిసే ప్రోటీన్లున్నాయి. ఒక్కో కొనని గంటల తరబడి చిత్రీకరిస్తాం. నాలుగేళ్ళయింది. జవాబులో ఒక చిన్న ముక్క దొరికినట్టుంది, దాని మీద మా గైడుకి ఇంకా నమ్మకం కుదరలేదు, నాక్కూడా కొన్ని రోజులే కుదురుతుంది. కెమెరా తనంతట తను తీసుకుంటుంది, నేను కూర్చోనక్కర్లేదు. అయినా నడవాలో అటూ ఇటూ తిరుగుతూ, తలుపు అద్దంలోంచి తెర మీద కొన ఎక్కడిదాకా పోయిందో చూసుకుంటూ ఉంటాను. తోటివాళ్ళు నవ్వుతారు.

గది మారలేదు. మొన్న మంచం మళ్ళీ తూర్పుకి తిప్పుతుంటే కిందనుంచి అక్క అరిచింది, “ఏం మే, మళ్ళా ఈడ్చేదానికి పెట్టుకున్నావా? మెల్లగా, నా పైకప్పు!” మెల్లగానే ఈడ్చాను. సగంలో ఆపి, కిందికి దిగి, ఆమె పెట్టిన కాఫీ తాగి, మళ్ళీ పైకెళ్ళి మిగతా సగం ఈడ్చాను.